వినటీరి నూటపదహార్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రిటైరైన కిక్కర్ ఆడమ్ వినటీరి గురించి ఎవరు మొదలుపెట్టినా, రెండో వాక్యానికల్లా ఒకే మాటకి వస్తారు. టెన్షన్ అంటే ఏంటో తెలియని మనిషి, ఆఖరి సెకన్లో కూడా కాలు వణకదు, అందుకే అంతటివాడయ్యాడు అని. ఇండియానాపోలిస్ పక్కన కాపురం, ఆదివారమైతే కోల్ట్స్ ఆట పెట్టుకుని కూర్చునే స్నేహితులు. కాబట్టి ఈ మాట నా చెవిన చాలాసార్లే పడింది. ఎప్పుడు విన్నా నాకు ఒళ్లు మండుతుంది. పొగడ్త ఎక్కువైందని కాదు నా బాధ, ఆ పొగడ్తలో అతను చేసిన అసలు పని ఎక్కడా కనబడదని.

ముందు లెక్కలు చూద్దాం. 1996 నుంచి 2019 దాకా 24 సీజన్లు ఆడాడు. రెగ్యులర్ సీజన్లలో 2,673 పాయింట్లు. అక్కడి ప్రొఫెషనల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అంతకన్నా ఎక్కువ చేసినవాళ్లు లేరు. 715 ఫీల్డ్ గోల్స్ ప్రయత్నించి 599 వేశాడు, అదీ రికార్డే. నాలుగు సూపర్‌బౌల్ ఉంగరాలు, అంటే లీగు ఫైనల్ గెలిచినవాళ్లకి ఇచ్చేవి. మూడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో, ఒకటి ఇండియానాపోలిస్ కోల్ట్స్‌తో. అందరూ 599 దగ్గర ఆగిపోతారు. తీసివేత చేస్తే మిగిలేది 116. మన పెళ్లిళ్లలో కవర్లో పెట్టి చదివించే నూటపదహార్లన్నమాట. నాకు ఆసక్తి వాటి మీద.

ఆట తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. పేరుకి ఫుట్‌బాల్ గానీ ఆడేదంతా చేత్తోనే. జట్టులో 53 మంది ఉంటే, కాలితో తన్ని పాయింట్లు తెచ్చేవాడు సాధారణంగా ఒక్కడే. మిగతావాళ్లు ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకుంటుంటే ఇతను గీత బయట ఒక వలలోకి బంతులు తన్నుకుంటూ ఉంటాడు. జట్టు ముందుకు కదల్లేక ఆగిపోయినప్పుడో, టైమైపోతున్నప్పుడో పిలుపొస్తుంది. రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య 18 అడుగుల 6 అంగుళాల ఖాళీ, నేలకి 10 అడుగుల ఎత్తున అడ్డకమ్మి. ఆ కమ్మి మీదుగా, స్తంభాల మధ్యలోంచి బంతి వెళ్తే అది ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతొకటుంది. ఆ కిక్కు ఒక్కడి పని కాదు, ముగ్గురి పని. లాంగ్ స్నాపర్ అనేవాడు ముందుకు వంగి, కాళ్ల సందులోంచి బంతిని ఏడెనిమిది గజాలు వెనక్కి విసురుతాడు. అక్కడ మోకాలి మీద కూర్చున్న హోల్డర్ దాన్ని అందుకుని, నేల మీద కోలగా నిలబెట్టి, కుట్లున్న వైపుని స్తంభాల కేసి తిప్పాలి. కుట్లు కాలివైపు ఉండిపోతే బంతి ఎటు పోతుందో చెప్పలేం. ఈలోపు ఎదుటి జట్టులోని కొండల్లాంటి మనుషులు చేతులు పైకెత్తి మీదకొస్తుంటారు. స్నాప్ నుంచి కాలు తగిలేదాకా మొత్తం 1.3 సెకన్లు, కొంచెం అటూ ఇటూ. కిక్కర్ అడుగు ముందుకేసేటప్పటికి బంతి ఇంకా హోల్డర్ చేతుల్లోనే ఉంటుంది. అంటే అక్కడ లేని బంతిని, అక్కడ ఉంటుందన్న నమ్మకంతో తన్నడానికి బయల్దేరతాడు. తప్పితే మాత్రం పేపర్లో పడే పేరు కిక్కర్‌ది ఒక్కడిదే. స్నాపర్ పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు.

కిక్కర్లంటే ఆ ఆటలో మొదట్నుంచీ చులకనే. ఒకప్పుడు జట్టులో ఎవరో ఒకరు బూటు మొనతో తిన్నగా తన్నేసేవారు. హంగరీలో పుట్టిన పీట్ గోగొలాక్ 1964లో బఫెలో బిల్స్‌కి వచ్చి, సాకర్‌లో లాగా పక్కనుంచి వచ్చి పాదం పైభాగంతో తన్నడం చూపించాడు. తర్వాత నార్వే నుంచి యాన్ స్టెనెరూడ్, డెన్మార్క్ నుంచి మోర్టెన్ ఆండర్సన్, దక్షిణాఫ్రికా నుంచి గ్యారీ ఆండర్సన్, ఇలా ఇతర దేశాల్లో పుట్టినవాళ్లు ఆ పనిలోకి వచ్చి చేరారు. బయటివాళ్లు చేసే పనికి లోపలివాళ్లు ఎంత విలువిస్తారో మనకి తెలియంది కాదు. 2003లో కోల్ట్స్‌కి పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ టీవీ కెమెరా ముందే తన జట్టు కిక్కర్ని ఇడియట్ కిక్కర్ అన్నాడు. ఆ కిక్కర్ కథ కాసేపట్లో వస్తుంది.

వినటీరి బయటివాడు కాదు. సౌత్ డకోటాలో యాంక్టన్‌లో 1972 డిసెంబరు 28న పుట్టాడు, ర్యాపిడ్ సిటీలో పెరిగాడు. అయితే ఇంటిపేరు ఇటలీది. ముత్తాతకి తండ్రి ఫీలిక్స్ వినటీరి జనరల్ కస్టర్ దళంలో బ్యాండ్ మాస్టర్. 1876లో స్థానిక అమెరికన్ తెగల మీద లిటిల్ బిగ్ హార్న్ యుద్ధానికి వెళ్తూ బ్యాండు వాళ్లని పౌడర్ నది దగ్గర వదిలేసి వెళ్లారు. కస్టర్ వెంట నడిచిన కంపెనీల్లో ఒక్కడూ ప్రాణాలతో మిగల్లేదు. సంగీతం వాయించేవాడు యుద్ధానికి పనికిరాడని వెనక్కి పెట్టడం వల్ల ఆ వంశం నిలిచింది. కిక్కరైనవాడి ఇంటి చరిత్రకి ఇంతకన్నా తగిన మొదలు నేనైతే కల్పించలేను.

చదువు సంగతి క్లుప్తంగా చెప్తాను. వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలో చేరి రెండు వారాలకే ఇంటికొచ్చేశాడు. సౌత్ డకోటా స్టేట్‌లో ఆడాడు. కాలేజీ ఆటగాళ్లని లీగు జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అప్పుడు చేసిన పని మాత్రం నాకు చాలా ఇష్టం. సామాను సర్దుకుని వర్జీనియాలో ఆబింగ్‌డన్ అనే చిన్న ఊరికి వెళ్లి డగ్ బ్లెవిన్స్ దగ్గర శిష్యుడిగా చేరాడు. బ్లెవిన్స్‌కి పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీలోనే తిరుగుతాడు. జీవితంలో ఒక్క బంతి కూడా తన్నలేదు. చిన్నప్పట్నుంచీ కిక్కర్లని కళ్లతో చదివి చదివి, నడుము ఎప్పుడు తిరగాలి, ఆనించే కాలు బంతికి ఎంత దూరంలో పడాలి, తన్నాక కాలు ఎటు పోవాలి అన్నది విడగొట్టి చెప్పగలిగే స్థాయికి చేరాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకే కోచ్‌గా పనిచేశాడు.

గుండె నిబ్బరం సిద్ధాంతానికి ఇది మొదటి దెబ్బ అని నా లెక్క. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకెల్లా ఎక్కువ పాయింట్లు తన్నినవాడు, కాలు కదపలేని మనిషి దగ్గర పని నేర్చుకున్నాడు. అక్కడ అతను ధైర్యం నేర్చుకోలేదు. ఆనించే కాలు ఎక్కడ పెట్టాలో నేర్చుకున్నాడు.

అక్కణ్ణుంచి 1996లో యూరప్ లీగులో ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్‌కి ఆడి, అదే ఏడు పేట్రియట్స్‌లో సీనియర్ మాట్ బార్ స్థానంలోకి వచ్చాడు. మొదట్లో తడబడ్డాడు. కోచ్ బిల్ పార్సెల్స్ దయాదాక్షిణ్యాలకి పేరున్న మనిషి కాడు, అయినా ఉంచాడు. ఆ డిసెంబర్లో డాలస్ మీద ఆటలో బంతితో దూసుకుపోతున్న హెర్షెల్ వాకర్ని ఈ కుర్ర కిక్కర్ వెంటపడి పట్టుకుని పడగొట్టాడు. వాకర్ అంటే ఒలింపిక్స్‌లో బాబ్‌స్లెడ్ కూడా తోసినవాడు, మామూలు మనిషి కాదు. నువ్వు కిక్కర్‌వి కాదు, ఫుట్‌బాల్ ప్లేయర్‌వి అని పార్సెల్స్ మెచ్చుకున్నాడని చెప్తారు. కిక్కర్‌కి అంతకన్నా పెద్ద మెప్పు లేదు, ఆ మాటలో ఎంత చులకన ఉందో చూడండి.

ఇక అందరూ చెప్పుకునే మంచు కిక్కు. 2002 జనవరి 19, పాత ఫాక్స్‌బరో స్టేడియంలో ఆఖరి ఆట, ఎదుట ఓక్లండ్ రైడర్స్. పేట్రియట్స్ 10, రైడర్స్ 13. మంచు కురుస్తూనే ఉంది, గీతలు కనబడ్డం లేదు. 27 సెకన్లు మిగిలి ఉండగా 45 గజాల దూరం. జారే నేల మీద పూర్తి వేగంతో వెళ్లలేడు, చిన్న చిన్న అడుగులతో వెళ్లి తన్నాడు. బంతి పైకి లేవకుండా కిందుగా పోయి అడ్డకమ్మిని దాటింది. ఓవర్‌టైమ్‌లో 23 గజాల కిక్కుతో 16-13. ఇతన్ని టెన్షన్ పెడదామని ఆ చివరి కిక్కు ముందు రైడర్స్ టైమౌట్ తీసుకుంటే, ఆ సందులో పేట్రియట్స్ వాళ్లు బూట్లతో మంచు పక్కకి నెట్టేసుకున్నారు.

ఇది చెప్పేవాళ్లు అంతకుముందు జరిగింది ఆ ఊపులో చెప్పరు. ఆట ముగుస్తుందనగా రైడర్స్ ఆటగాడు చార్లెస్ వుడ్‌సన్ వచ్చి పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని గుద్దితే బంతి కింద పడింది, రైడర్స్ వాళ్లకి దొరికింది. ఆట అక్కడితో అయిపోయినట్టే. రిఫరీ వాల్ట్ కోల్‌మన్ వీడియో చూసి, టక్ రూల్ అనే ఒక నిబంధన ప్రకారం అది చేజారిన బంతి కాదు, పూర్తికాని పాస్ అని తేల్చాడు. తర్వాత 2013లో లీగు ఆ నిబంధననే తీసేసింది. అంటే తర్వాత లీగే వద్దనుకున్న నిబంధన పుణ్యమా అని వినటీరికి ఆ కిక్కు దొరికింది. రిఫరీ ఇంకోలా చెప్పి ఉంటే నిబ్బరమంతా గీత బయటే ఉండిపోయేది.

రెండు వారాలకి న్యూ ఓర్లీన్స్‌లో సూపర్‌బౌల్. 17-17, ఆఖరి 7 సెకన్లు, 48 గజాలు. స్టేడియానికి కప్పుంది, గాలి లేదు, కింద కృత్రిమ గడ్డి. బంతి స్తంభాల నడిమధ్య నుంచి పోయింది, సెయింట్ లూయిస్ రామ్స్ ఓడిపోయారు. అందమైన కిక్కు, అందులో నాకేం సందేహం లేదు.

కానీ నా దృష్టిలో అతని జీవితంలో అన్నిటికన్నా విలువైన ఆట ఆ తర్వాతది, 2004 ఫిబ్రవరి 1న హ్యూస్టన్‌లో కరోలినా పాంథర్స్ మీద ఆడిన సూపర్‌బౌల్. ఆ సీజన్‌లో అతనికి నడుంనొప్పి. 34కి 25 మాత్రమే వేశాడు. అప్పటిదాకా అంత చెడ్డ ఏడాది లేదు. దానికి తోడు స్నాపర్ లోనీ ప్యాక్స్‌టన్‌కి దెబ్బ తగిలి కూర్చున్నాడు. జట్టు వెతికి వెతికి బ్రయన్ కిన్చెన్‌ని పట్టుకొచ్చింది. ఆయన మాజీ ఆటగాడే గానీ, ఆట వదిలేసి మూడేళ్లయింది. లూసియానాలో బ్యాటన్ రూజ్‌లో ఏడో తరగతి పిల్లలకి బైబిల్ పాఠాలు చెప్పుకుంటున్నాడు. వయసు 38. సూపర్‌బౌల్ వారం ప్రాక్టీసులో ఆయన స్నాప్‌లు తిన్నగా రావడం మానేశాయి. నా వల్ల కాదు, వేరేవాణ్ణి చూసుకోండి అని జట్టు పెద్దలతో చెప్పే దాకా వెళ్లింది. అది చాలదన్నట్టు ఆట రోజు పొద్దున టిఫిన్ దగ్గర కత్తితో వేలు కోసుకున్నాడు.

ఆట మొదలైంది. మొదటి క్వార్టర్లో వినటీరి 31 గజాల కిక్కు. కాలేజీ కుర్రాళ్లు కూడా వేసే దూరం. తప్పింది. రెండో క్వార్టర్లో 36 గజాలు. ఎదుటివాళ్లు అడ్డం పడి ఆపేశారు. రెండేళ్ల కింద ఇదే పెద్ద ఆటలో ఆఖరి కిక్కు వేసి హీరో అయినవాడు ఇప్పుడు రెంటికి రెండూ పోగొట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆఖర్న స్కోరు 29-29 అయింది, నిమిషం పైచిలుకు మిగిలింది. పాంథర్స్ కిక్కర్ జాన్ కేసీ, అతనూ లీగులో మంచి పేరున్నవాడే, బంతిని అవతలి జట్టుకి తన్ని అప్పగించేటప్పుడు అది గీత దాటి బయటికి పోయింది. దానికి శిక్షగా పేట్రియట్స్‌కి తమ 40వ గజం దగ్గరే బంతి దొరికింది. బ్రేడీ నాలుగు పాస్‌లు వేసి ముందుకు తెచ్చాడు. 4 సెకన్లుండగా వినటీరి 41 గజాలు. వేలికి గాయమైన బైబిల్ టీచర్ స్నాప్ ఈసారి తిన్నగా వచ్చింది. కెన్ వాల్టర్ పట్టాడు, వినటీరి తన్నాడు. 32-29.

ఇంత కథలో నిబ్బరం వాటా ఎంతో మీరే తూకం వెయ్యండి. నాకు కనబడేది ఇది. ఆ మనిషికి ఒకే ఆటలో మూడో అవకాశం దొరికింది. అది దొరకడానికి ఇంకో కిక్కర్ పొరపాటు కావాల్సొచ్చింది. దొరికినప్పుడు, ముందు తప్పిన రెండూ కాలి దాకా రానివ్వకుండా, ఆబింగ్‌డన్‌లో నేర్చుకున్న అడుగులే వేశాడు. ఈ చివరి ముక్క ఒక్కటే అతనిది. అది తక్కువేం కాదు, చాలా పెద్దది. కానీ దాన్ని చూడాలంటే ముందు తప్పిన రెంటినీ చూడాలి.

ఆ అవకాశం దొరకనివాడి సంగతి చూద్దాం. 1991 జనవరి 27, టాంపాలో సూపర్‌బౌల్. బఫెలో బిల్స్ 19, న్యూయార్క్ జయంట్స్ 20. 8 సెకన్లుండగా స్కాట్ నార్‌వుడ్ 47 గజాలు తన్నాడు. వినటీరి న్యూ ఓర్లీన్స్ కిక్కు కన్నా ఒక గజం తక్కువ. కానీ ఇది ఆరుబయట, అసలైన గడ్డి మీద. నార్‌వుడ్ ఎక్కువగా ఆడింది బఫెలోలో కృత్రిమ గడ్డి మీద. ఆ రోజుల్లో ఆ దూరం నుంచి లీగులో ఎవరు తన్నినా గ్యారంటీ ఏం లేదు. బంతికి బలం సరిపోయింది, ఎత్తు సరిపోయింది, కుడివైపుకి తప్పింది. అప్పటికతను బిల్స్ చరిత్రలో ఎక్కువ పాయింట్లు చేసినవాడు. 1988లో లీగులో మేటి కిక్కర్‌గా ఎంపికైనవాడు.

ఆట అయ్యాక అతను డ్రెస్సింగ్ రూమ్‌లో దాక్కోలేదు. విలేఖర్లు అడిగినంతసేపూ నిలబడి, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. మర్నాడు బఫెలోలో నయాగరా స్క్వేర్ దగ్గర వేలమంది చేరి అతని పేరే పిలిచారు. మైకు దగ్గరికి వచ్చి గొంతు పూడుకుపోతుండగానే మాట్లాడాడు. ఇది అందరూ చెప్పుకునే కథ, మంచి కథే. చెప్పుకోనిది ఇంకోటుంది. సరిగ్గా ఏడాదికి, 1992 జనవరిలో, డెన్వర్ మీద గెలిస్తేనే మళ్లీ సూపర్‌బౌల్. బిల్స్ 10-7తో గెలిచారు. ఆ మూడు పాయింట్ల తేడా నార్‌వుడ్ 44 గజాల కిక్కు. ఆ రోజు తడబడింది అవతలి కిక్కర్, మూడు తప్పాడు. నార్‌వుడ్ కాలు బాగానే ఉంది. కొన్ని నెలలకి బిల్స్ అతన్ని తీసేసి ఇంకొకర్ని పెట్టుకున్నారు. తర్వాత వర్జీనియాలో ఇన్సూరెన్సు, ఇళ్ల అమ్మకం చేసుకుని బతికాడు.

మనవాళ్లకి ఇది చెప్తే వెంటనే చేతన్ శర్మ గుర్తొస్తాడు. 1986లో షార్జాలో ఆఖరి బంతికి మియాందాద్ కొట్టిన సిక్సర్ ఇప్పటికీ తిట్టుకుంటాం గానీ, ఆ తర్వాతి ఏడాదే నాగపూర్‌లో వరల్డ్ కప్ చరిత్రలో మొట్టమొదటి హ్యాట్రిక్ తీసింది అతనేనని ఎంతమందికి తెలుసు? చేతన్ శర్మకి ఆ రోజు నిబ్బరం లేదు, మర్నాడొచ్చింది అంటామా?

"సరే, ఇదంతా అదృష్టమంటావా అయితే?" అని మా స్నేహితుడొకడు వాదిస్తాడు. "పెద్ద ఆటల్లో వెయ్యడమే గదరా గొప్పతనం!" అతని కోసం ఒక లెక్క. వినటీరి రెగ్యులర్ సీజన్ సగటు 83.8 శాతం. సీజన్ తర్వాత జరిగే నాకౌట్ ఆటల్లో, అదే ప్లేఆఫ్స్‌లో, 69కి 56, అంటే 81 శాతం పైచిలుకు. పెద్ద ఆటల్లో అతని గురి పెరగలేదు, పిసరంత తగ్గింది. జనవరి చలిలో, గట్టి జట్ల మీద అంతమాత్రం తగ్గడం న్యాయమే. ప్లేఆఫ్స్ పాయింట్ల రికార్డు కూడా అతనిదే, 238. అది ఎలా వచ్చింది? ప్లేఆఫ్స్‌కి అన్నిసార్లు వెళ్లడం వల్ల వచ్చింది. అతని జట్లలో బ్రేడీ, మానింగ్ లాంటివాళ్లు ఉండడం వల్ల వచ్చింది. మామూలు రోజున ఎలా తన్నేవాడో పెద్ద రోజున కూడా దాదాపు అలాగే తన్నాడు. అదే అసలు విశేషమని నేనంటాను. మా వాడు ఒప్పుకోడు.

ఇక ఆ ఇడియట్ కిక్కర్ సంగతి. మైక్ వాండర్‌జాక్ట్, కోల్ట్స్ కిక్కర్, కెనడావాడు. కెరీర్ మొత్తం మీద 86.5 శాతం, వినటీరి కన్నా మెరుగు. 2003లో ప్లేఆఫ్స్‌తో సహా ఒక్కటీ తప్పలేదు. ఆ రోజుల్లో లీగు చరిత్రలోనే అంత గురి ఉన్నవాడు లేడు. 2006 జనవరిలో పిట్స్‌బర్గ్ మీద ప్లేఆఫ్ ఆటలో ఆఖరి నిమిషంలో 46 గజాలు, వేస్తే స్కోరు సమానం. కుడివైపుకి చాలా దూరంగా పోయింది. రెండు నెలలకి కోల్ట్స్ అతన్ని సాగనంపి వినటీరిని తెచ్చుకున్నారు. ఆ ఏడాదే డాలస్‌లో సీజన్ మధ్యలోనే ఉద్యోగం పోయింది, అంతే, లీగులో మళ్లీ కనబడలేదు. అతని కన్నా గ్యారీ ఆండర్సన్ కథ ఇంకా విచిత్రం. 1998లో మిన్నెసోటాకి 35కి 35 వేసి, సూపర్‌బౌల్ ముందు ఆటలో 38 గజాల కిక్కు తప్పాడు. అట్లాంటా స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో గెలిచింది. గెలిపించింది మోర్టెన్ ఆండర్సన్, అతను తన్నిన దూరం కూడా 38 గజాలే.

కోల్ట్స్‌లో వినటీరి మొదటి ఏడాదే 2007 జనవరిలో బాల్టిమోర్‌ని 15-6తో ఓడించారు. ఆ పదిహేనూ అతనివే, ఐదు కిక్కులు. ఆ ఏడాదే నాలుగో ఉంగరం. తర్వాత ఇక్కడే ఉండిపోయాడు. 2015, 2016ల్లో వరసగా 44 వేశాడు, అప్పటికి వయసు నలభై దాటింది. అది ఎవరి రికార్డు దాటిందనుకున్నారు? వాండర్‌జాక్ట్ 42. ఆ దాటిన రోజు అతని గురించి ఎవరైనా మంచిమాటొకటి అంటారేమోనని చూశాను. 2018లో ఫీల్డ్ గోల్స్‌లో, మొత్తం పాయింట్లలో మోర్టెన్ ఆండర్సన్‌ని కూడా దాటేశాడు.

2019 సంగతి చెప్పకుండా అతని గొప్ప చెప్పడం మోసం. అప్పటికి 46 ఏళ్లు. మొదటి ఆటలో రెండు ఫీల్డ్ గోల్స్, ఆరు పాయింట్ల టచ్‌డౌన్ తర్వాత అదనంగా తన్నే ఎక్స్‌ట్రా పాయింట్ ఒకటి తప్పాడు, జట్టు ఓవర్‌టైమ్‌లో ఓడింది. తర్వాతి వారం ఇంకో రెండు ఎక్స్‌ట్రా పాయింట్లు. మా స్నేహితుల బేస్‌మెంట్లో పకోడీల గిన్నె మీద నుంచి "ఇంటికి పంపెయ్యండ్రా బాబూ, పెద్దాయన్ని ఇంకా ఎంత కష్టపెడతారు" అన్న మాట ప్రతి ఆదివారం వినబడేది. రిటైరవుతాడని ఊరంతా అనుకుంది. అవలేదు. అక్టోబరు చివర్లో డెన్వర్ మీద ఒక ఫీల్డ్ గోల్, ఒక ఎక్స్‌ట్రా పాయింట్ పోగొట్టి, 22 సెకన్లుండగా 51 గజాల నుంచి వేసి 15-13తో గెలిపించాడు. అప్పుడు ఆ బేస్‌మెంట్లో అరుపులు చూడాలి. పంపెయ్యమన్నవాడే అందరికన్నా గట్టిగా అరిచాడు. మరుసటి వారమే పిట్స్‌బర్గ్‌లో, నిమిషం పైచిలుకు ఉండగా 43 గజాలు. ఫొటోల్లో స్పష్టంగా ఉంది, బంతి కుట్లు అతని కాలి వైపే ఉన్నాయి. ఎడంవైపుకి పోయింది, 26-24తో ఓడిపోయారు. తప్పు తనదే అన్నాడు. డిసెంబరు 1న టెనెసీ టైటన్స్ మీద రెండు కిక్కులు ఎదుటివాళ్లు ఆపేశారు, అందులో ఒకదాన్ని పట్టుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తారు. అదే అతని ఆఖరి ఆట. ఎడమ మోకాలు, అంటే ఆనించే కాలు, మొరాయించింది. ఆ సీజన్ 25కి 17.

కోల్ట్స్ అతన్ని ఎక్కువ రోజులు ఉంచారా? ఉంచారు. ఇంకెవరైనా అయితే సెప్టెంబర్లోనే ఇంటికి పంపేవారు, అందులో దాపరికం లేదు. తప్పే హక్కు కూడా అందరికీ సమానంగా దొరకదు. పాత ఉంగరాలున్నవాడికి 116 సార్లు దొరికింది, నార్‌వుడ్‌కి అన్నిసార్లు దొరకలేదు. ఇది అన్యాయమే గానీ, అందులో వినటీరి తప్పు లేదు. దొరికిన ప్రతి అవకాశానికీ మళ్లీ మొదట్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ఆ ఓపికే లేకపోతే ఎన్ని ఉంగరాలున్నా ఆ ఆటలో 24 ఏళ్లు ఎవరూ ఉంచరు.

2021 మేలో రిటైర్మెంట్ చెప్పింది కూడా ప్యాట్ మెకాఫీ షోలో. మెకాఫీ ఒకప్పుడు కోల్ట్స్‌లో పంటర్ (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకి అప్పగించేవాడు), వినటీరికి ఏళ్ల తరబడి బంతి పట్టినవాడు. పత్రికల సమావేశం పెట్టకుండా తన హోల్డర్ దగ్గరికెళ్లి చెప్పడం నాకు నచ్చింది.

క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో కేవలం ఫీల్డ్ గోల్స్ తన్నినందుకే చోటు దొరికిన మొదటివాడు స్టెనెరూడ్, 1991లో. రెండోవాడు మోర్టెన్ ఆండర్సన్, 2017లో. మధ్యలో 26 ఏళ్లు. వినటీరికి 2025లో మొదటిసారి అర్హత వచ్చింది, చివరి దశ దాకా వెళ్లి ఆ ఏడు ఆగిపోయింది. అప్పుడు రెండు పక్షాలవాళ్లూ మంచు కిక్కు, న్యూ ఓర్లీన్స్ కిక్కు పట్టుకునే వాదించుకున్నారు. రెండు కిక్కులకే చోటిస్తారా అని వీళ్లు, అలాంటి కిక్కులు ఇంకెవరు వేశారని వాళ్లు. ఆ గదిలో నన్ను కూర్చోబెడితే ఆ రెంటి ఊసే ఎత్తను. నడుంనొప్పితో 34కి 25 వేసిన 2003 సీజన్ కాగితం ఒకటి బల్ల మీద పెడతాను. పక్కనే 2004ది. అదే స్టేడియం, అదే కాలు, 33కి 31.